ఖాళీని దాచని కెప్టెన్

"డిగ్రీ 2021లో అయిపోయింది కదా, ఇప్పటిదాకా ఏం చేశావు?"

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న పడగానే చాలామందికి గొంతు తడారిపోతుంది. నిజానికి జవాబు చిన్నదే. గ్రూప్స్‌కి చదివాను, రాలేదు. లేదంటే నాన్నకు ఒంట్లో బాగోలేదు, ఇంటి దగ్గరే ఉండిపోయాను. కానీ ఆ మాట చెప్పడానికి నోరు రాదు. అందుకే రెజ్యూమేలో ఆ ఖాళీని ఏదో ఒకదానితో నింపేస్తాం. తెలిసినవాళ్ల కంపెనీలో పనిచేసినట్టు ఒక లెటరు సంపాదిస్తాం. నలుగురం కలిసి చేసిన ప్రాజెక్టును 'నేనే చేశాను' అని ఒక లైను రాసుకుంటాం. డబ్బులిస్తే దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు దొరుకుతాయన్న సంగతి కూడా మనకు కొత్తేమీ కాదు.

ఈ అలవాటు మానుకోవాలన్నది నా అభిప్రాయం. 'అబద్ధం ఆడరాదు' అనే నీతిపాఠం చెప్పబోవడం లేదు. రెండు వందల ఏళ్ల కిందటి ఒక ఓడ కెప్టెన్ కథ చెబుతాను. పేరు మాథ్యూ ఫ్లిండర్స్. ఆస్ట్రేలియా చుట్టూ తిరిగి, దాని తీరాన్ని కొలిచి పటం గీసిన బ్రిటిష్ నౌకాదళ అధికారి. ఆ ఖండానికి 'ఆస్ట్రేలియా' అన్న పేరు స్థిరపడటంలో ఆయన పాత్ర పెద్దది. ఆయన పనిలో రెండు పెద్ద ఖాళీలున్నాయి. ఒకటి పటంలో, ఇంకోటి సర్వీసు రికార్డులో. మన రెజ్యూమేలకు పనికొచ్చే పాఠం ఆ రెండు ఖాళీల్లోనే ఉంది.

డాక్టరు గారి అబ్బాయి

ఫ్లిండర్స్ 1774లో ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో, డోనింగ్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి వైద్యుడు. కొడుకు కూడా తన దారిలోనే రావాలని ఆయన ఆశ. మన ఇళ్లలో వినే మాటే కదా! కుర్రాడేమో 'రాబిన్‌సన్ క్రూసో' నవల చదివి సముద్రం మీద మనసు పారేసుకున్నాడు. జామెట్రీ, నావిగేషన్ పుస్తకాలు ముందేసుకుని సొంతంగా చదివి నౌకాదళంలో చేరాడు. 1791లో కెప్టెన్ విలియం బ్లై ఓడలో పసిఫిక్ యాత్రకు వెళ్లి, పటాలు గీయడం అక్కడ నేర్చుకున్నాడు. ఆ బ్లై అంతకుముందు కెప్టెన్ కుక్ దగ్గర పనిచేసినవాడు. అంటే మంచి గురువు దొరికాడన్నమాట.

1795లో ఆస్ట్రేలియా చేరాక, ఓడలో డాక్టరుగా ఉన్న జార్జ్ బాస్‌తో స్నేహం కుదిరింది. ఇద్దరూ కలిసి మూడు మీటర్లు కూడా లేని పడవలో సిడ్నీ చుట్టుపక్కల తీరాలన్నీ తిరిగారు. 1798-99లో టాస్మేనియాను చుట్టివచ్చి, అది విడిగా ఉన్న ద్వీపమని తేల్చారు. మధ్యలో ఉన్న జలసంధికి 'బాస్' పేరు పెట్టమని గవర్నర్‌కు సిఫారసు చేసింది ఫ్లిండర్సే. ఆ తర్వాత ఎన్నో దీవులకు, అగ్రాలకు పేర్లు పెట్టాడు గానీ, తన పేరు దేనికీ పెట్టుకోలేదు.

26 ఏళ్లకే 'ఇన్వెస్టిగేటర్' ఓడ ఆయన చేతికొచ్చింది. అప్పుడే పెళ్లయింది. భార్య ఆన్‌ను వెంట తీసుకెళ్దామనుకున్నాడు. పై అధికారులు కుదరదన్నారు. 1801 జులైలో ఆమెను వదిలి బయల్దేరాడు. మళ్లీ ఆమెను చూసేసరికి తొమ్మిదేళ్లు దాటింది.

చూసినంత వరకే గీత

ఆయన పనిచేసే తీరు తెలుసుకోవాలి. పగలంతా ఓడను తీరానికి వీలైనంత దగ్గరగా, ఒడ్డున అలలు విరగడం కనిపించేంత దగ్గరగా నడిపేవాడు. కొలతలు వేరేవాళ్లకు అప్పగించకుండా, తెరచాప స్తంభం ఎక్కి మరీ తానే తీసుకునేవాడు. చీకటి పడితే ఓడను సముద్రంలోకి మళ్లించేవాడు. తెల్లారాక మళ్లీ నిన్న ఆపిన చోటికే వచ్చి, అక్కడి నుంచి మొదలుపెట్టేవాడు. రాత్రి నడిచిన దూరాన్ని అంచనాతో పూడ్చేయడం ఆయన పద్ధతి కాదు. ఏ రోజు పని ఆ రాత్రే కాగితం మీదకు ఎక్కాలి.

1802 నవంబరులో, ఉత్తరాన కార్పెంటేరియా సింధుశాఖలో ఉండగా ఓడలోకి నీళ్లు రావడం ఎక్కువైంది. వడ్రంగులు పరీక్ష చేసి, చెక్క చాలాచోట్ల కుళ్లిపోయిందని తేల్చారు. వాతావరణం బాగుంటే ఆరు నెలలు, పెద్ద తుపాను వస్తే మునగడమే అన్నారు. అయినా చేతిలో ఉన్న సింధుశాఖ పని పూర్తి చేశాడు. ఆ తర్వాత తెలివిగా ఆగాడు. వాయవ్య తీరాన్ని సర్వే చేయకుండా వదిలేసి, ఖండాన్ని చుట్టి 1803 జూన్‌లో సిడ్నీ చేరాడు.

ఖండం మొత్తం చుట్టివచ్చాడు, ఆ మాట నిజమే. పాత డచ్ పటాల్లో ఆ వాయవ్య తీరపు గీత కూడా ఉంది. దాన్నే అటూ ఇటూ మార్చి 'ఇదీ నేను చూసిందే' అనుంటే అడిగేవాళ్లు లేరు. ఆయన అలా అనలేదు. ఆ భాగం మిగిలే ఉందని ఒప్పుకున్నాడు. 1817 నుంచి 1822 వరకు ఫిలిప్ పార్కర్ కింగ్ అనే మరో అధికారి వెళ్లి ఆ పని చేశాడు.

నా వాదనంతా ఇక్కడుంది. పటంలో ఖాళీ కనిపిస్తే నావికుడు జాగ్రత్తపడతాడు. వేగం తగ్గిస్తాడు, లోతు చూసుకుంటూ వెళ్తాడు. ఊహించి గీసిన గీత కనిపిస్తే నమ్మి వెళ్తాడు, రాయికి కొట్టుకుంటాడు. రెజ్యూమే కూడా ఒకరకం పటమే. 'జావా వచ్చు' అన్న లైను నమ్మి మీకు పని అప్పగిస్తారు. ఆ లైను ఊహైతే మునిగేది టీమ్ మొత్తం.

ఎవరి భాగం వాళ్లదే

1802 ఏప్రిల్ 8న దక్షిణ తీరంలో ఎదురుగా ఒక ఓడ కనిపించింది. ఫ్రెంచ్ అన్వేషకుడు నికోలా బోదాన్‌ది. అప్పట్లో రెండు దేశాలకూ పడదు. ఫ్లిండర్స్ ఫిరంగులు సిద్ధం చేయించాడు కూడా. కానీ ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నారు, ఎవరెంత చూశారో చెప్పుకున్నారు. ఆ చోటును ఇప్పటికీ ఎన్‌కౌంటర్ బే అంటారు.

తర్వాత ఏమైందంటే, ఫ్లిండర్స్ కన్నా ముందే ఫ్రెంచ్ వాళ్ల పటం 1811లో అచ్చయింది. ఫ్లిండర్స్ ముందుగా సర్వే చేసిన తీరాన్ని కూడా కలిపేసి 'నెపోలియన్ భూమి' అని పేరు పెట్టేశారు. మన ప్రాజెక్టును పక్క టీమ్ వాళ్లు ప్రెజెంటేషన్ ఇచ్చేసినట్టు! మరి 1814లో తన పుస్తకం వచ్చినప్పుడు ఫ్లిండర్స్ ఏం చేశాడు? బోదాన్ నిజంగా ముందు చూసిన తీరం ఎక్కడి నుంచి ఎక్కడిదాకానో చెప్పి, అక్కడ ఫ్రెంచ్ పేర్లనే ఉంచాడు. అప్పటికి ఫ్రెంచ్ వాళ్ల చెరలో ఆరున్నరేళ్లు గడిపి వచ్చిన మనిషి ఆయన.

ఆరున్నరేళ్ల గ్యాప్

ఆ చెర కథ ఇదీ. కుళ్లిన ఓడను వదిలేసి ఇంగ్లండ్ వెళ్దామని 'పోర్పస్' అనే ఓడలో ప్రయాణికుడిగా ఎక్కాడు. 1803 ఆగస్టులో అది పగడపు దిబ్బకు గుద్దుకుంది. మిగిలినవాళ్లను ఆ ఇసుక తిన్నె మీద ఉంచి, చిన్న పడవలో వెయ్యి కిలోమీటర్లకు పైగా వెనక్కి సిడ్నీ వెళ్లి సాయం తెచ్చాడు. అక్కడి నుంచి 'కంబర్లాండ్' అనే 29 టన్నుల ఓడలో బయల్దేరితే దానికీ నీళ్లు కారడం మొదలైంది. దారిలో మారిషస్‌లో ఆగాడు. తర్వాతి కాలంలో మన తెలుగువాళ్లు చెరకు తోటల పనికి వెళ్లి స్థిరపడిన మారిషస్సే. అప్పుడది ఫ్రెంచ్ వాళ్లది. మళ్లీ యుద్ధం మొదలైందన్న సంగతి ఆయనకు తెలియదు. చేతిలో ఉన్న పాస్‌పోర్టు 'ఇన్వెస్టిగేటర్' పేరు మీద ఉంది, వచ్చిందేమో వేరే ఓడలో. గవర్నర్ డెకేన్‌కు అనుమానం వచ్చి పట్టుకున్నాడు.

ఇందులో ఫ్లిండర్స్ తప్పు లేకపోలేదు. గవర్నర్ భోజనానికి పిలిస్తే కోపంతో వెళ్లనన్నాడు. ఆ పట్టుదలతో ఇద్దరి మధ్య మాట పూర్తిగా చెడింది. 1806లో పారిస్ నుంచి విడుదలకు అనుమతి వచ్చినా డెకేన్ వదల్లేదు. 1810 జూన్‌కు గానీ ద్వీపం దాటలేకపోయాడు.

ఆ ఏళ్లలో ఖాళీగా కూర్చోలేదు. కొలతలు సరిచూసుకున్నాడు, పటాలు గీశాడు. ఓడలోని ఇనుము వల్ల దిక్సూచి ముల్లు ఎలా తప్పుతుందో రాసిన వ్యాసం 1805లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. దిక్సూచి పక్కన ఆ తప్పును సరిచేయడానికి పెట్టే నిలువు ఇనుప కడ్డీని ఇప్పటికీ 'ఫ్లిండర్స్ బార్' అంటారు.

ఇక్కడే మోటివేషన్ స్పీకర్లు 'అంతా మన మంచికే' అంటారు. నేను అనను. ఆ ఆరున్నరేళ్లూ ఆయన నష్టపోయాడు. ప్రమోషన్ 1810 నుంచే లెక్కగట్టారు. పుస్తకం రాసినన్నాళ్లూ సగం జీతమే. ఆరోగ్యం పాడైంది. 1814 జులై 18న పుస్తకం వచ్చింది, 19న ఆయన పోయాడు. నలభై ఏళ్లు. మీ గ్యాప్ కూడా నష్టమే అయి ఉండొచ్చు. దాన్ని వరంలా చూపించక్కర్లేదు, దాచనూ అక్కర్లేదు.

ఇంకో మాట. ఇది ఒక్కడి ఘనత కాదు. ఆ తీరాల్లో వేల ఏళ్లుగా మనుషులున్నారు. యాత్రలో ఒడ్డునున్న వాళ్లతో మాట కలపడానికి ముందు నిలబడింది బంగారీ అనే ఆదివాసి. ఆస్ట్రేలియాను చుట్టివచ్చిన మొదటి ఆదివాసి ఆయనే. చాలాకాలం ఆ పేరు పెద్దగా వినపడలేదు. టీమ్‌లో పేరు రాయని మనిషి ఎప్పుడూ ఉంటాడని గుర్తుంచుకోవాలి.

'నిజం చెబితే ఉద్యోగం రాదండీ'

ఈ మాట చాలామంది అంటారు. కొన్నిసార్లు నిజంగానే రాదు. గ్యాప్ చూడగానే రెజ్యూమే పక్కన పడేసే కంపెనీలున్నాయి. ఆ పద్ధతి మారాలని హెచ్‌ఆర్ వాళ్లను గట్టిగా అడగాలి. కానీ అబద్ధంతో వచ్చిన ఉద్యోగంలో రోజూ భయమే. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఒకవైపు, రాని పని ఇంకోవైపు.

అందుకే మూడు పనులు చేయండి. గ్యాప్‌ను ఒక్క లైనులో సూటిగా రాయండి: 'రెండేళ్లు గ్రూప్స్‌కి చదివాను.' ఆ టైములో నేర్చుకున్నది ఏదైనా ఉంటే పక్కనే రాయండి, లేకపోతే వదిలేయండి. రెండోది, 'చేశాను', 'సాయం చేశాను', 'చూశాను' అనే మూడు మాటల్ని కలిపేయకండి. మూడోది, పక్కవాళ్లు చేసిన భాగం వాళ్లదేనని చెప్పండి. ఇంటర్వ్యూలో ఆ మాట చెప్పేవాళ్లు తక్కువ, అందుకే గుర్తుండిపోతారు.

సముద్రం కొలిచే పని ఇప్పటికీ ఉంది. నౌకాదళ సర్వే నౌక ఐఎన్ఎస్ సంధాయక్ 2024 ఫిబ్రవరిలో మన విశాఖలోనే సేవలో చేరింది. తెరచాప స్తంభం బదులు సోనార్ వచ్చింది. కొలిచినదే పటంలో పెట్టాలన్న నియమం మాత్రం మారలేదు.

ఫ్లిండర్స్ సమాధి జాడ కూడా చాలాకాలం తెలియలేదు. 2019 జనవరిలో లండన్‌లో రైల్వే పనుల తవ్వకాల్లో, శవపేటిక మీది సీసపు రేకును బట్టి ఆయన్ను గుర్తుపట్టారు. 2024 జులైలో సొంతూరు డోనింగ్టన్‌లో మళ్లీ సమాధి చేశారు.

ఇవాళ రాత్రి మీ రెజ్యూమే తెరవండి. చూడకుండా గీసిన గీతలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. వాటిని చెరిపేశాక పేజీ కాస్త ఖాళీగా కనిపిస్తుంది. కనిపించనివ్వండి.