అదీ ఆపరేషనేనా?

పిన్నికి నెత్తురు పడుతోందని కొలనోస్కోపీ రాశారు. ముందు రోజు రాత్రి నుంచి పొడి కలిపిన నీళ్లు లీటర్లకు లీటర్లు తాగి, బాత్రూముకీ మంచానికీ మధ్య తిరిగి తిరిగి, ఆస్పత్రికి వచ్చేసరికి ఆవిడ మొహం పీక్కుపోయింది. కౌంటర్లో ఫారం ఇస్తే తమ్ముడు నింపాడు. బీపీ ఉంది, షుగర్ లేదు. ‘ఇదివరకు ఆపరేషన్లు’ అన్నచోట ‘లేవు’ అని రాసి, కింద సంతకం గీకేశాడు. ఆ సంతకానికి పైన సన్నక్షరాల్లో ‘పేగుకు రంధ్రం పడే అవకాశం’ అని ఉంది. చదివే ఓపిక ఎవరికుంది?

“ఒరేయ్, పిన్నికి గర్భసంచి తీశారుగా” అన్నాను.

“అది ఆపరేషనేమిటే, మన వీధిలో అందరికీ అయిందేగా” అంది పిన్ని.

ఆవిడ మాట మరీ అతిశయోక్తి కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. చెవులు కుట్టించుకున్నంత మామూలైపోయింది కాబట్టే ఫారంలోకి ఎక్కదు. గొట్టం లోపలికి పంపే డాక్టరుకు ముందుగా తెలియాల్సిన సంగతేమో సరిగ్గా అదే.

పావడాకి బొందు ఎక్కించినవాళ్లకి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. పిన్నీసుని ముందుకు తోస్తూ, గుడ్డని కుచ్చులుగా వెనక్కి లాక్కుంటూ పోతాం. ఎక్కడో అంచు లోపల అడ్డంగా కుట్టు పడి ఉంటే పిన్నీసు అక్కడ ఆగిపోతుంది. ఇంకా తోస్తే గుడ్డ చిరుగుతుంది. మీటరున్నర పొడవున్న పెద్దపేగుని కూడా డాక్టరు ఇలాగే గొట్టం మీదికి కుచ్చులు పోస్తూ వెళ్తాడు. పొత్తికడుపులో సిగ్మాయిడ్ అనే మెలిక ఒకటుంది. మామూలుగా అది అటూ ఇటూ కదులుతుంది. పాత ఆపరేషన్ తాలూకు అతుకులు దాన్ని కటి ఎముకల దగ్గర పట్టేస్తే ఇక కదలదు. చిల్లులు ఎక్కువగా పడేది కూడా అక్కడే. చాలాసార్లు గొట్టం మొన వల్ల కాదు, లోపల ఉచ్చులా వంగిన గొట్టం నడుము పేగు గోడని ఒత్తడం వల్ల.

భయపెట్టడానికి చెప్పడం లేదు. చూసి వదిలేసే పరీక్షలో ఇలా జరిగేది వెయ్యి మందిలో ఒకరికి, అంతకన్నా తక్కువే. కానీ ఆ లెక్క అందరికీ ఒకటి కాదు. వయసు డెబ్బై ఐదు దాటినా, పేగు గోడకి తిత్తులున్నా, లోపల పుళ్లు రగులుతున్నా, పేగు ఎక్కడైనా సన్నబడినా పెరుగుతుంది. కీళ్లవాతానికి ఏళ్లతరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలూ పేగు గోడని బలహీనం చేస్తాయి. పెద్ద పాలిప్ ఉంటే దాని అడుగున మందు ఎక్కించి, కరెంటు తీగతో కోసి తీస్తారు. అప్పుడు ప్రమాదం నూటికి ఒకటీ రెండు దాకా పోవచ్చు. పైగా ఆ కాలిన చోట చిల్లు ఆ రోజే పడాలని లేదు, ఇంటికొచ్చాక మర్నాడో మూడోనాడో తెలియొచ్చు. లోపలికి ఊదిన గాలికి కడుపు ఉబ్బరించడం మామూలే, కాసేపటికి అదే పోతుంది. పోకుండా నొప్పి ముదిరి, కడుపు బల్లలా బిగిసి, జ్వరం తగిలితే వాము నీళ్లు పట్టించి పడుకోబెట్టే మన అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది.

అరగంటకి డాక్టరు బయటికొచ్చారు. “ఒక మలుపు దగ్గర బాగా బిగిసిపోయి ఉంది. బలవంతం చెయ్యలేదు, ఆపేశాను. ఇంకోసారి సన్న గొట్టంతో చూద్దాం” అన్నారు. తమ్ముడికి ఒళ్లు మండింది. డబ్బు మొత్తం కట్టించుకుని సగం పరీక్షా అని నా మీద ఎగిరాడు. నాకు మాత్రం మేం కట్టిన డబ్బుకి దక్కిన అసలు పనితనం ఆ ఆపడమే అనిపించింది. చివరిదాకా వెళ్లాలన్న పట్టుదల ఇలాంటి చోట నైపుణ్యం కాదు.

నా ఫిర్యాదు ఆ ఫారం మీదే. ‘శస్త్రచికిత్సల చరిత్ర’ అని అడిగితే పిన్ని లాంటివాళ్లకి ఏం తడుతుంది? కడుపు మీద ఎప్పుడైనా కోత పడిందా, గర్భసంచి ఉందా తీశారా, రోజూ ఏ మాత్ర వేసుకుంటున్నావు అని ఒక నర్సు పక్కన కూర్చుని అడగాలి. దానికి రెండు నిమిషాలు చాలు. కొడుకుని కాదు, ఆవిడనే అడగాలి.

రెండోసారి వెళ్లినప్పుడు తమ్ముడు ఫారంలో ‘గర్భసంచి తీశారు’ అని పెద్దక్షరాలతో రాశాడు. పిన్ని వాడి భుజం మీంచి తొంగిచూసి, “నీ తరవాత పిల్లలొద్దని ఆపరేషన్ చేయించారు, అదీ రాయాలట్రా?” అంది.