బీటాకు పీట వేయరేం?

తిరువూరు, విస్సన్నపేట వైపు మామిడి పూత మీద బూడిద తెగులు పడితే రైతు అడిగేది ఒక్కటే: ఈ మందు కొడితే తెగులు ఎంత తగ్గుతుంది? మన వ్యవసాయ థీసిస్‌లు డిగ్రీల్లో జవాబు చెబుతాయి. తెగులు శాతాన్ని కోణంగా మార్చి, సగటులను పోల్చే అనోవా కట్టడం ఆనవాయితీ. 25 శాతం 30 డిగ్రీలవుతుంది, 75 శాతం 60. చేత్తో లెక్కలు కట్టిన రోజుల్లో దానికో అర్థముండేది. శాతాలు సున్నా దగ్గరా నూటి దగ్గరా ముడుచుకుంటాయి, నడిమిన విచ్చుకుంటాయి. అనోవాకేమో అన్నిచోట్లా ఒకే వ్యాప్తి కావాలి. ఇప్పుడా అవసరమేమిటి? 2011లోనే వార్టన్, హుయ్ ‘ఎకాలజీ’ పత్రికలో ఈ మార్పిడిని కడిగిపారేశారు. మన దగ్గర మాత్రం దాని దర్జా దానిదే.

ఆ ముడుచుకోవడాన్ని రోగంగా కాక స్వభావంగా ఒప్పుకునే బీటా రిగ్రెషన్‌ను ఫెరారి, క్రిబారి-నెటో అనే బ్రెజిల్ గణాంకవేత్తలు 2004లోనే మన చేతిలో పెట్టారు. అదొక్కటే చాలదు. ఒకే తోటలో చెట్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, వంద చెట్లు వంద సాక్ష్యాలు కావు. అందుకే తోటల మధ్య తేడానూ లెక్కలోకి తెచ్చే మిక్స్‌డ్ మోడల్ కావాలి. ఆ తేడాలను అంచనా కట్టడానికి 1970ల మొదట్లో ‘మింక్యూ’ పద్ధతి చెప్పినవాడు ఎవరనుకున్నారు? చిన్నప్పుడు నూజివీడులో, నందిగామలో చదువుకున్న సి.ఆర్. రావు. 2023లో ఆయన పోయినప్పుడు నివాళులకు లోటు లేదు. ఆయన పనికి తోటల్లో చోటు మాత్రం లేదు.

అన్నిటికీ బీటాయే అనడం లేదు. శాతాలన్నీ 30కీ 70కీ మధ్యే ఉంటే మామూలు మిక్స్‌డ్ మోడల్ చాలు, గొడవ పడను. యాభై పూగుత్తుల్లో ఎన్నింటికి తెగులు సోకిందో లెక్కపెడితే అది బైనామియల్ పని. ఆకు మీద మచ్చ ఎంత మేర పరచుకుందో కంటితో అంచనా వేస్తే అది బీటాది. 0 నుంచి 5 దాకా గ్రేడు వేస్తే గ్రేడుల వరసను పట్టించుకునే మోడల్ వేరే ఉంది.

నా మంట ఎక్కువగా ఈ గ్రేడుల దగ్గరే. వాటిని కూడి, హెచ్చవేసి, భాగించి ఒకే శాతం చేస్తారు, దానికి తెగులు సూచిక అని పేరు. ఒక తోటలో యాభై కాయలకూ గ్రేడు 2 వేస్తే సూచిక 40. మరో తోటలో ఇరవై కాయలు గ్రేడు 5తో పాడై, ముప్ఫై నిక్షేపంగా ఉన్నా సూచిక 40. మొదటి తోటలో మచ్చలేని కాయ ఒక్కటీ లేదు. రెండో రైతు ముప్ఫై బంగినపల్లి కాయలు నిశ్చింతగా మార్కెట్‌కు తోలుకుంటాడు. పట్టికలో ఇద్దరూ సమానమే!

సున్నాలది ఇంకో అన్యాయం. బీటా అచ్చమైన సున్నాను తీసుకోదు కనుక చిన్న అంకె కలిపి సరిపెడతారు. తెగులే రాని చెట్టుకు లేని తెగులు అంటగట్టడం కాదా అది? జీరో-ఇన్‌ఫ్లేటెడ్ బీటా రెండు సంగతులూ విడివిడిగా చెబుతుంది: తెగులు వచ్చిందా లేదా, వస్తే ఎంత. దీనికి ఖర్చు కూడా లేదు. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఈ మోడళ్లు కట్టే జీఎల్‌ఎంఎంటీఎంబీ ప్యాకేజీ ఉచితం.

ఏళ్లుగా చెబుతున్నా, పరీక్షకులు ఒప్పుకోరనే జవాబే వస్తోంది. సరే, కోణాలే కట్టుకోండి. చెట్టుచెట్టుకూ వేసిన గ్రేడులు మాత్రం సగటు కింద తొక్కేయకుండా, ఏ తోటవో రాసి థీసిస్ చివర అచ్చువేయండి. ఓపిక ఉన్నవాడు తర్వాత మోడల్ కట్టుకుంటాడు.