వదంతికి విరుగుడు ఆటలో దొరుకుతుందా?

భద్రాచలం: గోదావరి పొంగినప్పుడు నీటికంటే ముందు పుకారే ఊళ్లోకి వస్తుంటుంది. 2022 జూలై 16న ఇక్కడ నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తరువాత అంతటి వరద ఇదే. మరునాడు పట్టణానికి వచ్చిన నాటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు, కుండపోత వర్షాల వెనుక విదేశీ కుట్ర ఉందంటున్నారని ప్రస్తావించారు. అది ఎంతవరకు నిజమో తెలియదనీ అన్నారు. మొదటి మాట పోయినంత దూరం రెండవ మాట పోలేదు.

ఎవరన్నారు, వారికెలా తెలుసు, ఎక్కడ సరిచూడవచ్చు? కాలేజీ విద్యార్థికి అలవడవలసిన ఈ ప్రశ్నలను ఉపన్యాసంలో చెబితే నిద్ర వస్తుంది. 2018లో కేంబ్రిడ్జి పరిశోధకులు ‘బ్యాడ్ న్యూస్’ అనే కంప్యూటర్ ఆట తెచ్చారు. అందులో ఆడేవాడే అబద్ధాలు పుట్టించి జనాన్ని పోగుచేయాలి. మోసం చేసే తీరు తెలిసినవాడు సులభంగా మోసపోడన్నది సూత్రం. ఫలితం బాగుందని వారు ప్రకటించారు. అయితే ఇటువంటి ఆటనే వాట్సాప్‌కు తగినట్లు మార్చి ఉత్తర భారతంలో పరీక్షించగా ఆశించిన ప్రయోజనం కనబడలేదని 2023లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అరువు ఆట అన్నిచోట్లా పారదు.

పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు 2018లో తెలంగాణను కుదిపిన సంగతి విదితమే. అప్పుడు గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి నమ్ముకున్నది కంప్యూటర్‌ను కాదు. డప్పును, పాటను, ఊరూరా తిరిగే కానిస్టేబుల్‌ను.

భద్రాచలంలో ఆటకు సరుకు కొదవ లేదు. 43, 48, 53 అడుగుల వద్ద మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. ఎగువన పేరూరులో, ఏటూరునాగారంలో మట్టం తగ్గుముఖం పడితే ఇక్కడా కొన్ని గంటలకు తగ్గాలి. వీటిని చీటీలపై రాసి, వాటిలో పాత వరద వీడియో ఒకటి, బంధువు పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి కలిపి పంచితే చాలు. ఊరు ఖాళీ చేయాలా, వద్దా? పావుగంటలో తేల్చాలి. దీనికి కరెంటు అక్కరలేదు, సిగ్నల్ అక్కరలేదు. కోయ విద్యార్థులు తమ భాషలోనే వాదించుకోవచ్చు. పట్టణాన్ని ఆనుకునే ఉన్నా 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఎటపాకకు ఏ ప్రభుత్వ ప్రకటన వర్తిస్తుందన్నది ఇంకో చిక్కుముడి. దానికీ ఒక చీటీ ఉండాలి.

అయితే చీటీలన్నీ అబద్ధాలు కారాదు. ప్రతిదీ పుకారేనని కొట్టిపారేయడం అలవాటైన కుర్రవాడు మూడవ హెచ్చరిక మైకులో వినబడినా మంచం దిగడు. అందుకని ఆటలో నిజం చీటీని నమ్మనివారికే ఎక్కువ మార్కులు పోవాలి.