వేలికి అందని లెక్క

కరోనా వచ్చిపోయాక చాలా ఇళ్లలో థర్మామీటర్ పక్కన పల్స్ ఆక్సీమీటర్ చేరింది. ఆయాసపడుతున్న పెద్దాయన వేలికి తొడిగితే 92 కనబడుతుంది. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకుంటారు. కానీ అది చెప్పేది ఆక్సిజన్ సంగతే. ఒంట్లో పేరుకుపోయిన కార్బన్ డయాక్సైడ్ లెక్క తేలాలంటే మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి ఏబీజీ పరీక్ష చెయ్యాలి. బీడీ పొగో, కట్టెల పొయ్యి పొగో ఏళ్ల తరబడి పీల్చి సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవారికి ఈ పరీక్ష ఎగ్గొట్టకూడదు.

పాడైన ఊపిరితిత్తులు గుండెనూ వదలవు మరి. ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు బిగుసుకుంటాయని స్వీడన్ శాస్త్రవేత్తలు ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ 1946లో పిల్లులపై ప్రయోగాలతో చూపించారు. గాలి ఆడని చోటికి రక్తం వృథాగా పోకుండా, రైతు తూము మూసినట్టే ఇది. రెండు ఊపిరితిత్తులకూ గాలి చాలకపోతే మాత్రం తూములన్నీ ఒక్కసారే బిగుస్తాయి. కార్బన్ డయాక్సైడ్‌తో పెరిగిన ఆమ్లత ఆ బిగువును పెంచుతుంది. ఊపిరితిత్తుల ధమనిలో సగటు పీడనం పాదరసం లెక్కలో 20 మిల్లీమీటర్లు దాటితే పల్మనరీ హైపర్‌టెన్షన్. క్రమంగా గుండె కుడి భాగం డీలాపడి, పాదాలు వాస్తాయి.

పీడనం తగ్గించే మాత్ర వేస్తే సరిపోదా?

అంత తేలిక కాదు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బున్నవారికి రియోసిగువాట్ అనే అలాంటి మాత్ర ఇచ్చి చూసిన ప్రయోగాన్ని, మరణాలు పెరగడంతో 2016లో మధ్యలోనే ఆపేశారు. సీఓపీడీలోనైతే నాళాలను వదులు చేసే మందులు గాలి ఆడని చోటికీ రక్తాన్ని వదిలి, ఆక్సిజన్‌ను ఇంకా తగ్గించవచ్చు. అందుకే ముందు చక్కబెట్టాల్సింది శ్వాసను.

గొంతులో గొట్టం వెయ్యకుండా మాస్క్ ద్వారా గాలి నెట్టే బైపాప్ చేసే పని అదే. కార్బన్ డయాక్సైడ్ బాగా పేరుకున్న 195 మంది సీఓపీడీ రోగులపై జర్మనీ, ఆస్ట్రియాల్లో జరిగిన అధ్యయనం 2014లో వెలువడింది. ఏడాదిలో మామూలు చికిత్స పొందినవారిలో 33 శాతం చనిపోతే, బైపాప్ వాడినవారిలో 12 శాతమే. అయితే వారిని పల్మనరీ హైపర్‌టెన్షన్ చూసి ఎంపిక చెయ్యలేదు. బైపాప్‌తో ధమని పీడనం ఎంత దిగుతుందో చెప్పేవి చిన్న అధ్యయనాలే. కాబట్టి ఇది అందరికీ రాసే మందు కాదు. కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నవారికి రాయకపోవడమూ తప్పే.

రాసినంత మాత్రాన పని అయిపోదు. మాస్క్ బిగిస్తే ముక్కు దూలం మీద పుండు, వదులు చేస్తే కళ్లలోకి గాలి. విసిగిన రోగి నాలుగు రోజులకే మిషన్‌ను అటక ఎక్కిస్తాడు. పోనీ నిద్ర పడుతుందని పీడనం బాగా తగ్గించి పెడితే కార్బన్ డయాక్సైడ్ దిగదు. జర్మనీ అధ్యయనంలో గాలి లోపలికి నెట్టే పీడనం సగటున నీటి మట్టం లెక్కలో 20 సెంటీమీటర్లకు పైనే ఉంది. డిశ్చార్జి కాగితంలో మిషన్ పేరు ఒక్కటే ఉంటే చాలదు. ఎంత పీడనం, రాత్రికి ఎన్ని గంటలు, మళ్లీ ఏబీజీ ఏ తేదీన అన్నవీ ఉండాలి. మొదటి వారంలోనే టెక్నీషియన్ ఇంటికొచ్చి మాస్క్ సరిచూడాలి. ఆ ఖర్చును మిషన్ ధరలోనే కలపాలి.