విద్యార్థులు – సంఘసేవ

నాయకుడనగా వెంట పదిమందిని త్రిప్పుకొనువాడను భ్రాంతి మన సీమలో చిరకాలముగా పాతుకొనియున్నది. ముఠాతగవులలో అట్టివారి వెంట నడచి ప్రాణములు గోల్పోయిన యువకులెందరో కలరు. తగవులు మానుడని హితవు చెప్పినంత మాత్రమున యువకులు మారరు. వారి శక్తికి తగిన పనిని చూపవలెను.

ఇందులకు సాధనము లేకపోలేదు. గాంధీ మహాత్ముని శతజయంతి సందర్భమున 1969 సెప్టెంబరు 24వ తేదీన జాతీయ సేవాపథకము 37 విశ్వవిద్యాలయములలో ప్రారంభమైనది. ఇందు చేరిన విద్యార్థి రెండు సంవత్సరములలో 240 గంటలు సేవ చేయవలెను. ఏడుదినములు గ్రామశిబిరమున నుండవలెను. ఆశయము ఉత్తమమే. కాని పెక్కుచోట్ల జరుగుచున్నదేమి? విద్యార్థులు వత్తురు, వీధులూడ్తురు, మొక్కలు నాటుదురు, ఏడవనాడు ఛాయాచిత్రము తీయించుకొని పోవుదురు. వేసవిలో ఆ మొక్కలకు నీరు పోయువారెవరు? కర్నూలు మండలమున మొక్క నాటుట ఒక పూట పని. దానిని రెండు వేసవులు దాటించుటయే కష్టము. నీరెచటినుండి తేవలెను, మేకల బారినుండి ఎట్లు కాపాడవలెను, ఏ రైతును ఒప్పింపవలెనని యోచించునపుడే నాయకత్వమభ్యాసమగును.

మన కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1907లో రాజమహేంద్రవరమున వందేమాతర చిహ్నమును ధరించి కళాశాలనుండి బహిష్కృతులైరి. 1908లో పత్రికా రచనలకై చెరసాలకేగిరి. అంతటితో తమ కర్తవ్యము తీరెనని వారు తలపలేదు. తదనంతరము దశాబ్దములకొలది గ్రంథాలయములకును వయోజనవిద్యకును పాటుపడిరి. చెరసాలకేగిన ధైర్యమును అందరును కొనియాడుదురు. ఆ దీర్ఘకాలపు ఓపికను గూడ యువకులకు బోధింపవలదా?

నగరవాసులకును ఇది పరాయి విషయము గాదు. 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రా హంద్రీ జలములు కర్నూలును ముంచివేసినవి. అట్టి వేళ ఏ సందున నడువలేని వృద్ధులు కలరో, ఎవరి మిద్దెపై పదిమందికి చోటు కలదో ఎరిగిన యువకులు పేటపేటనుండుట ఎంత మేలు!

కావున మా సూచన ఇది. ప్రతి కళాశాలయు ఒక గ్రామమునో, ఒక పేటనో మూడేండ్లు విడువక చేపట్టవలెను. పూడిన చెరువు కాలువయో, మూతపడిన గ్రంథాలయమో, ఒక్క పనినే ఎన్నుకొనవలెను. యువకులతోపాటు యువతులకును ఆ పనిని నడుపు అధికారమీయవలెను. ఖర్చుల పద్దు వారే వ్రాసి గ్రామసభలో చదివి వినిపింపవలెను. తప్పు దొరలినచో అందరియెదుట సమాధానము చెప్పవలెను.

పదునెనిమిదేండ్లవారికి 1989లో ఓటుహక్కు వచ్చినది. ఇరువదియొక్క యేండ్లవారు పంచాయతీకి పోటీచేయుటకు రాజ్యాంగము 1993 నుండి అవకాశమిచ్చినది. హక్కులు చేతికి వచ్చినవి గాని వానిని నిర్వహించు అభ్యాసము రాలేదు. దానిని కలిగించుట భూస్వాముల, పురప్రముఖుల వంతు. గ్రామసభలో తమ పీఠమును కొంచెము జరిపి యువకులను గూర్చుండబెట్టుకొనుడని వారికి మా మనవి. మనము వారికి పని చూపనిచో, ముఠానాయకుడు చూపును.