పైనున్న వాలు సంగతేమిటి?

సియాటెల్ చుట్టుపక్కల బెల్‌వ్యూ, రెడ్‌మండ్, బాథెల్ ప్రాంతాల్లో డిసెంబరు వచ్చిందంటే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక పిలుపు తిరుగుతుంది. "శనివారం స్నోషూయింగ్‌కి వెళ్తున్నాం. పిల్లలతో సహా అందరూ రావచ్చు. ఈజీ ట్రెయిలే." ఎవరైనా అవలాంచ్ (మంచు చరియలు విరిగిపడటం) మాటెత్తితే జవాబు సిద్ధంగా ఉంటుంది: "అది స్కీయింగ్ చేసేవాళ్ళకండీ. మనది నడకే కదా!"

ఈ జవాబు తప్పు. మర్యాదకు పోయి 'కొంతవరకు నిజమే' అనడం కూడా నాకిష్టం లేదు. చదువుకున్నవాళ్ళు, పిల్లల్ని కారులో సీటుబెల్టు లేకుండా కూర్చోనివ్వనివాళ్ళు, అదే పిల్లల్ని ఏ కొండవాలు కిందికి తీసుకెళ్తున్నారో చూడకుండా బయల్దేరడానికి ఈ ఒక్క మాటే కారణం.

మంచు చరియలు విరిగిపడటానికీ మనం కాళ్ళకు ఏం తొడుక్కున్నామన్నదానికీ సంబంధం లేదు. ఈ కాస్కేడ్ పర్వతాల్లోనే, స్టీవెన్స్ పాస్ దగ్గర వెల్లింగ్టన్ అనే చోట, 1910 ఫిబ్రవరి చివర్లో రెండు రైళ్ళు మంచులో చిక్కుకుని రోజుల తరబడి కదల్లేకపోయాయి. మార్చి 1న తెల్లవారకముందే పైవాలు మీది మంచు తెగి, ఆ రెంటినీ టై నది లోయలోకి తోసేసింది. 96 మంది చనిపోయారు. అమెరికా చరిత్రలో ఇంతమందిని బలిగొన్న అవలాంచ్ మరొకటి లేదు. వాళ్ళలో స్కీయింగ్ చేస్తున్నవాళ్ళెవరూ లేరు. చాలామంది బోగీల్లో నిద్రపోతున్నారు. మన దేశంలో చూసినా అంతే. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో గాంగ్‌టక్ నుంచి నాథులా వెళ్ళే దారిలో ఏడుగురు పర్యాటకులు మంచు కింద పడి చనిపోయారు. వాళ్ళకు అనుమతి 13వ మైలు వరకే ఉంది, ప్రమాదం జరిగింది 15వ మైలు దగ్గర. బండి దిగి మంచులో ఆడుకుందామని వెళ్ళినవాళ్ళు వాళ్ళు.

కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న "మనం ఏం చేయబోతున్నాం" అని కాదు, "మన నెత్తిమీద ఏ వాలు ఉంది" అని. ప్రాణాలు తీసే చరియల్లో ఎక్కువ భాగం 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద తెగుతాయి. తుఫానులో పడ్డ కొత్త మంచో, గాలి ఒకవైపు నుంచి తోలుకొచ్చి కుప్పవేసిన మంచో బిగుసుకుని పలకలా తయారవుతుంది. దాని అడుగున పట్టులేని గుల్ల పొర ఉంటే పలక మొత్తం ఒక్క తోపు కోసం కాచుకుని ఉన్నట్టే. ఆ తోపు ఇచ్చేది చాలాసార్లు మనిషే. చరియల్లో చిక్కుకున్నవాళ్ళలో దాదాపు 90 శాతం మంది విషయంలో దాన్ని కదిలించింది వాళ్ళో, వాళ్ళ బృందంలోని వాళ్ళో. ఒక్కోసారి వాలు మీద అడుగు పెట్టనక్కర్లేదు కూడా. కింద చదునులో నడుస్తున్నవాళ్ళ బరువుకు గుల్ల పొర కుంగి, ఆ కుంగుడు పొర వెంటే పైకి పాకి, ఎక్కడో వంద అడుగుల ఎత్తున మంచును తెంపేస్తుంది. నడిచేటప్పుడు కాళ్ళకింద నుంచి 'హుంఫ్' మని బరువైన శబ్దం వినిపించిందంటే జరిగింది అదే. అది విన్నాక ఫొటోల కోసం ఆగకూడదు, వచ్చిన దారినే వెనక్కి తిరగాలి.

నిజానికి నడిచేవాడికే కష్టాలు ఎక్కువ. స్కీ మీద ఉన్నవాడు ప్రమాదకరమైన చోటును క్షణాల్లో దాటిపోతాడు, అదృష్టం బాగుంటే పక్కకు తప్పుకుంటాడు. స్నోషూలు వేసుకున్నవాడు అదే చోట నిమిషాల తరబడి ఉంటాడు. పైనుంచి మంచు వస్తుంటే పరిగెత్తే వీలు లేదు. వెంట ఆరేళ్ళ పిల్లాడుంటే చెప్పేదేముంది?

'ఈజీ ట్రెయిల్' అన్న మాట మీద నాకు ఇంకా కోపం. ఆ సులువు వేసవిలో కట్టిన లెక్క. స్నోక్వాల్మీ పాస్ దగ్గర ఆల్పెంటాల్ నుంచి స్నో లేక్‌కు వెళ్ళే దారి వేసవిలో జనంతో కిటకిటలాడుతుంది. పిల్లలూ పెద్దలూ టిఫిన్ డబ్బాలు పట్టుకుని వెళ్తారు. చలికాలంలో అదే దారి నిటారు వాలుల కిందుగా, చరియలు దిగే బాటలను అడ్డంగా దాటుకుంటూ పోతుంది. గ్రానైట్ మౌంటెన్ వేసవి దారి మరీ దారుణం, అది నేరుగా చరియ దిగే లోయలోకి వెళ్తుంది. తెలిసినవాళ్ళు చలికాలంలో అక్కడ ఆ దారి వదిలి గట్టు పట్టుకుని ఎక్కుతారు. ఫోనులోని యాప్ మాత్రం వేసవి గీతనే చూపిస్తుంది, దాని కింద వందల మంది ఇచ్చిన ఐదు నక్షత్రాలతో సహా. 2013 ఏప్రిల్ 13న ఈ స్నోక్వాల్మీ పాస్ పరిసరాల్లోనే, ఒక్క రోజే, రెండు వేర్వేరు చోట్ల చరియలు విరిగి ఇద్దరు చనిపోయారు. ఒకటి గ్రానైట్ మౌంటెన్ మీద. రెండోచోట పోయినామె స్నోషూలతో నడిచే బృందంలోనిది. నెల ఏప్రిల్ అన్నది కూడా గమనించండి. కింద ఊళ్ళో చెర్రీపూలు పూసే రోజులు అవి.

కొండ తన చరిత్రను దాచుకోదు, చదవడం మనమే నేర్చుకోలేదు. దట్టమైన ఫర్, హెమ్లాక్ చెట్ల మధ్య పైనుంచి కిందిదాకా పట్టీలా ఖాళీ కనిపిస్తోందా? అందులో పెద్ద చెట్లేవీ లేక, వంగిపోయిన ఆల్డర్ పొదలే ఉన్నాయా? అంచుల్లోని చెట్లకు కొండవైపు కొమ్మలు విరిగిపోయి ఉన్నాయా? అది చరియ దిగే బాట. మనవాళ్ళు సరిగ్గా అక్కడే ఆగుతారు, చెట్లు అడ్డం లేకుండా శిఖరం బాగా కనిపిస్తుందని.

ఇక బులెటిన్ సంగతి. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ చలికాలమంతా ప్రతి సాయంత్రం మర్నాటి ప్రమాదస్థాయిని ప్రకటిస్తుంది. ప్రాంతాల వారీగా, ఎత్తుల వారీగా, ఏ దిక్కు వాలు మీద ఏ రకం మంచు తెగే అవకాశముందో చెబుతుంది. చదవడానికి ఐదు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు. దానికి బదులు మనం చూసేది వాతావరణం యాప్: ఎండ బొమ్మ ఉంటే బయల్దేరతాం. రెండు రోజుల తుఫాను తర్వాత వచ్చే మొదటి ఎండరోజే కొత్త మంచు ఇంకా కుదురుకోని రోజు, అందరూ ఎగబడే రోజూ అదే. కాస్కేడ్స్‌లో దీనికి తోడు పసిఫిక్ మీది నుంచి వచ్చే వెచ్చటి వాన ఉంది. కొత్త మంచు మీద అది పడిందంటే గంటల్లో కొండ స్వభావం మారిపోతుంది. బులెటిన్ చూసేవాళ్ళలోనూ కొందరు ఐదు స్థాయిల్లో మూడోది కనిపిస్తే, మధ్యస్థమే కదా అని వెళ్తారు. చావుల్లో పెద్ద వాటా ఆ మూడో స్థాయి రోజులదే. నాలుగో స్థాయికి జనం భయపడి ఆగుతారు, మూడో స్థాయిలో ధైర్యం చేస్తారు. మన ఊళ్ళలో పొంగే వాగు ముందు ఎవరైనా ఆగుతారు, ఎర్రనీళ్ళు కళ్ళకు కనిపిస్తాయి కనుక. మంచు కింది గుల్ల పొర అలా కనిపించదు, అందుకే బులెటిన్ చదవాలి.

మంచు కింద పడ్డవాళ్ళ జాడ చూపే బీకన్లు కొన్నాం, భయం లేదనే వాదన ఒకటి ఈమధ్య బాగా వినిపిస్తోంది. బీకన్, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్ర, పార మంచి పనిముట్లే. నిటారు వాలుల్లోకి వెళ్ళే పెద్దవాళ్ళందరి దగ్గరా ఉండాలి, వాడటం సాధన చేసి ఉండాలి. కానీ అవి పని చేసేది మనిషి మంచు కింద పడ్డాక. మొదటి పది నిమిషాల్లో తవ్వి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే బతికేది మూడోవంతే. సుమారు నాలుగోవంతు మంది ఊపిరాడక కాదు, చెట్లకూ రాళ్ళకూ కొట్టుకునే పోతారు, వాళ్ళకు బీకన్ చేసే సాయం లేదు. రక్షణ బృందం కింది నుంచి వచ్చేసరికి గంటలు పడుతుంది. తవ్వాల్సింది పక్కనున్నవాళ్ళే, అంటే మీ ఆవిడ, మీ అబ్బాయి, మీ ఆఫీసు స్నేహితుడు.

ఇయాన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు అమెరికాలో జరిగిన 715 అవలాంచ్ ప్రమాదాలను పరిశీలించి, జనం ప్రమాద సంకేతాలు కళ్ళముందున్నా ఎందుకు ముందుకెళ్తారో వివరించాడు. తెలిసిన చోటే కదా అనే ధీమా, ఇంత దూరం వచ్చాక వెనక్కి ఏం తిరుగుతామనే పట్టుదల, నాయకుడికి అన్నీ తెలుసనే నమ్మకం, ముందు ఎవరో నడిచిన జాడలు. మన బృందాల్లో ఇవన్నీ ఉంటాయి, పైగా మరొకటి. "అన్నయ్య పోయినేడు కూడా తీసుకెళ్ళాడు, ఆయనకు తెలుసులే" అంటాం. అన్నయ్య మాటకు ఎదురు చెప్పడం మన పెంపకంలో లేదు. ఆ అన్నయ్యకు తెలిసింది దారి, ఈ శనివారం మంచు కాదు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా మీద చరియలు విరిగినప్పుడు అక్కడున్నది పర్వతారోహణ శిక్షణ బృందం, వెంట అనుభవజ్ఞులైన శిక్షకులు. 27 మంది చనిపోయారు, ఇద్దరి ఆచూకీ దొరకలేదు. వాళ్ళనే వదలని కొండ మన వాట్సాప్ నాయకుడి అనుభవాన్ని లెక్కచేస్తుందా? బృందంలో చిన్నవాడు "నాకు ఇది బాగోలేదు" అన్నా అందరూ వెనుదిరగాలి, కారణం అడక్కుండా.

ఇదంతా జనాన్ని భయపెట్టి ఇంట్లో కూర్చోబెట్టడమేనంటారు. కానే కాదు. మంచులో నడవడమంటే నాకు ప్రాణం. వాలు చూసుకోవడం నేర్చినవాళ్ళు మిగతావాళ్ళకన్నా ఎక్కువసార్లు వెళ్ళగలరు. కాల్‌టోపో వంటి మ్యాపుల్లో వాలును రంగులతో చూపించే పొర ఉంది. మీ దారి గీతనే కాదు, దానిపైన కొండ కొసదాకా ఆ రంగులు చూడండి. మ్యాపుకు అందని చిన్న నిటారు వాలులుంటాయి కనుక అక్కడికి వెళ్ళాకా కళ్ళు తెరిచే ఉండాలి. దారి కిందా పైనా ఎక్కడా 30 డిగ్రీల దరిదాపుల్లోకి రాని అటవీ రోడ్లు, మైదానాలు చలికాలం మొదలుకాకముందే నాలుగైదు ఎంచి పెట్టుకుంటే, స్థాయి నాలుగున్న శనివారం కూడా, రోడ్లు తెరిచి ఉంటే, ప్రయాణం ఆగదు, చోటు మారుతుందంతే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మంచు చూపించాలి, వచ్చే వారం వాళ్ళు వెళ్ళిపోతారు అన్న తొందరలో స్నో లేక్ దారి పట్టేవాళ్ళకు ఇదే చెబుతాను. అరవై ఏళ్ళు గుంటూరులోనో వరంగల్‌లోనో బతికినవాళ్ళకు చదునైన అడవిలో మోకాలిలోతు తెల్లమంచు చాలు. వాళ్ళు అడిగింది మంచే, శిఖరం కాదు.