పూలదండలు వేసిన చేతుల మాటేమి?

సత్యం కంప్యూటర్స్ మాట వచ్చినపుడెల్ల నేటికిని మా బజారులో “మీ తెలుగువాడే గదా!” యను ఎత్తిపొడుపు తప్పదు. రామలింగరాజు 2009 జనవరి 7న తన లెక్కలు బూటకములని తానే వ్రాసి యొప్పుకొనెను. బ్యాంకులలో లేని 5,040 కోట్ల రూపాయలు ఉన్నట్లు చూపబడినవి. పత్రికలు దుమ్మెత్తిపోసినవి. పోయవలసినదే. 2015లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము 7 ఏండ్ల కారాగారశిక్షయు విధించినది.

అయితే పూలదండలు వేసిన చేతుల మాటేమి? సంస్థాపాలన దివ్యముగ నున్నదని 2008లో ‘గోల్డెన్ పీకాక్’ బహుమతి నిచ్చినవారు, గుట్టు బయటపడగానే దానిని వెనుకకు తీసికొని చేతులు దులుపుకొనిరి. బ్యాంకు నిల్వను బ్యాంకునే అడిగి సరిచూచుకొనవలెనని మా అంగడి గుమాస్తా కూడ నెరుగును. ఏటేట లెక్కలు తనిఖీచేసిన మహామహులకు తోచలేదా?

మన తప్పును గలదు. ఆయన వెలిగిన దినములలో “మనవాడు” అని మురిసితిమి, నేనును మురిసితిని. అపుడు ఇతరులకాయన భారతదేశపు మేధావి. కూలిన పిదపనే తెలుగువాడయ్యెను! ఆ సంస్థలో 50,000 పైబడిన ఉద్యోగులు, పెక్కు భాషలవారు, కష్టించి పనిచేసిరి. ఆ ఒక్కని దోషమును మాత్రము తెలుగువారందరి ఖాతాలో వ్రాయుట ఏ లెక్క? ఇకపై నెవరైన ఎత్తిపొడిచినచో తలవంచకుడు. బహుమతి ఇచ్చినవారిది ఏ భాషయో అడుగుడు.